చుట్టకుదురు

అజిలాల్ ఆసుపత్రిలో ఎక్స్-రే గది నాది.
పదకొండేళ్లుగా మనుషుల్ని లోపలివైపు నుంచి చూస్తున్నాను.
గురువారం, సంత సద్దుమణిగాక వచ్చింది తూదా
మెడ కదలడం లేదని.
నిన్నటిదాకా వీపున కట్టెల మోపు,
ఎద మీద తాడు ఒరుసుకున్న నల్లటి చార.
ఇవాళ మోపు లేదు,
వంగడం మాత్రం మిగిలింది.

ఫిలిం వెలుగులో పెట్టి
పుర్రె కింద మొదటి ఎముకను వేలితో చూపించాను.
"ఇదమ్మా, అట్లాస్."

పకపకా నవ్వబోయి, నొప్పికి సగంలో ఆగింది.
"అట్లాస్ అంటే నా పెళ్లిబట్ట, నాయనా.
దానిమ్మపువ్వు రంగు. పట్టుకుంటే చేపలా జారేది.
ఎముక్కి ఆ పేరెవరు పెట్టారు?"

మన కొండల పేరూ అదే కదా, అన్నాను.

"నీకెవరు చెప్పారు?
అవి అద్రార్ న్ దెర్న్.
మా అమ్మకీ అవే, మా మేకలకీ అవే."

నిజమే. బడికి పోయినవాణ్ణి నేను.
బడిలో అట్లాస్ అంటే నలుగురికి ఒక్క పటాల పుస్తకం.
మా ఊరు ఉండాల్సిన చోట
పుస్తకం కుట్టు ఉండేది.
అప్పటికి నేను చూడని పడమటి సముద్రానిదీ ఆ పేరే.
తాత పెట్టె తెరిస్తే గుప్పుమనే దేవదారుదీ ఆ పేరే.
జీవశాస్త్రంలో ఒక చిమ్మట,
రెండు అరచేతులంత రెక్కలు, తినడానికి నోరు లేదు,
నాలుగు రోజులు ఎగిరి, గుడ్లు పెట్టి రాలిపోతుందట.
ఆ పేజీ మూల ఎందుకు మడిచానో
ఇప్పటికీ తెలీదు.

వీటన్నిటికీ ముందు, గ్రీకుల కథలో, ఒకడున్నాడు.
ఓడిన పక్షాన నిలిచినందుకు
ఆకాశం విరిగి ఎవరి మీదా పడకుండా
మొయ్యమన్నారు వాణ్ణి.
ఒకరోజు ఒక వీరుడొచ్చి కాసేపు భుజం మార్చుకున్నాడు.
బంగారు పళ్లు కోసుకొచ్చిన అట్లాస్
ఒళ్లు విరుచుకుని, "ఇక నువ్వే మొయ్యి" అన్నాడు.
వీరుడు కాదనలేదు.
"సరే గానీ, ఒక్క క్షణం పట్టు,
నెత్తిన చుట్టకుదురు సర్దుకుంటాను."

పట్టాడు.
ఆ క్షణం ఇంకా అవలేదు.

తూదా ఈసారి నవ్వలేదు.
"చుట్టకుదురు కోసం అడిగితే
బరువు మోసినవాళ్లెవరు కాదంటారు?" అంది.

ఫిలిం వైపు మళ్లీ చూశాను.
మిగతా పూసల్లా దానికి ఒళ్లు లేదు.
ఉంగరం. నడుమ ఖాళీ.
చిన్నప్పుడు రొట్టెల పలకతో నన్ను ఊరి పొయ్యికి పంపుతూ
అమ్మ తన పాత తలగుడ్డ మెలిపెట్టి నెత్తిన పెట్టేది.
అచ్చం ఆ చుట్టే.
ఇన్నాళ్లూ మోసేవాడి పేరనుకున్నాను.

"ఔనన్నప్పుడు తల దీని మీద ఊగుతుంది,
కాదన్నప్పుడు తలతోపాటు ఇదీ తిరుగుతుంది,
కింది ఎముక మొలక చుట్టూ," అని చెప్పాను.

చాలాసేపు ఆ నల్లటి అద్దంలో తన మెడ చూసుకుంది.
"అయితే ఇన్నేళ్లూ
దీన్ని సగమే వాడానన్నమాట."

మూడు నెలలు బరువెత్తొద్దన్నాడు డాక్టర్ లహ్సీని.
నడవాలోంచి మరిది గొంతు:
"బాగానే ఉంది. మరి ఎల్లుండికి పొయ్యిలోకి?"

రెండు చేతులతో గడ్డం పట్టుకుంది తూదా.
తలుపు గడి తీసినట్టు, మెల్లగా,
వేలెడంత ఎడమకి,
వేలెడంత కుడికి.
కళ్లల్లో నీళ్లు తిరిగాయి.
మళ్లీ తిప్పింది.

వాళ్లు వెళ్లాక చూస్తే కుర్చీ మీద తాడు.
కేకేయడానికి నోరు తెరిచి
మూసుకున్నాను.
చుట్టచుట్టి కిటికీలో పెట్టాను.
అద్దం అవతల మంచు పట్టిన కొండ,
సరిగ్గా దాని మీద
కూచుంది.